క్యాడ్ నెమ్మదించిందా? కొత్త కంప్యూటర్ కొనే ముందు ఇవి చేసి చూడండి

ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్ నెమ్మదించిందని ఎవరు ఫోను చేసినా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఖాళీ డ్రాయింగ్ తెరిచి చూశారా?" చాలామంది చూసి ఉండరు. నేరుగా దుకాణానికి వెళ్లి కొత్త కంప్యూటర్ కొంటారు. అందులో అదే పాత డ్రాయింగ్ తెరుస్తారు. అది అక్కడా పాకుతూనే ఉంటుంది. ఒంగోలులో ప్లాన్లు గీసి బతికే మాలాంటి వాళ్లకు కంప్యూటర్ ఖరీదంటే కొన్ని నెలల సంపాదన. ఆ డబ్బు అనవసరంగా పోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

నా దగ్గరికి వచ్చే పనిలో ఎక్కువ భాగం చీమకుర్తి గ్రానైట్ క్వారీల ప్లాన్లు. మిగిలింది కొత్తపట్నం, సింగరాయకొండ వైపు రొయ్యల చెరువుల లేఅవుట్లు, ఊళ్లో ఇళ్ల ప్లాన్లు. ఇళ్ల ప్లాన్లు ఎప్పుడో తప్ప ఇబ్బంది పెట్టవు. క్వారీ ప్లాన్లే మొండికేస్తాయి. ఎందుకంటే వాటిలో సర్వే వాళ్ల పాయింట్లు, డ్రోన్ కాంటూర్లు (సమాన ఎత్తులను కలిపే గీతలు), స్కాన్ చేసిన గ్రామ పటం, లీజు సరిహద్దు, బెంచీల (మెట్లుగా తవ్విన భాగాల) హ్యాచింగ్, అంటే లోపలి గీతల నింపుడు, అన్నీ ఒకే ఫైలులో వచ్చి పడతాయి. కాబట్టి నా ఉదాహరణలు అక్కడివే. పద్ధతి మాత్రం ఏ డ్రాయింగ్‌కైనా పనికొస్తుంది.

జబ్బు ఎక్కడుందో ముందు తేల్చండి

కొత్త డ్రాయింగ్ తెరవండి. నాలుగు వృత్తాలు, పది గీతలు గీయండి. జూమ్ చేయండి, పక్కకు జరపండి, ఒక కమాండ్ టైపు చేయండి. అన్నీ చురుగ్గా జరిగితే మీ కంప్యూటర్‌కు, ఆటోక్యాడ్‌కు ఏమీ కాలేదు. లోపం డ్రాయింగ్‌లో ఉంది. ఖాళీ డ్రాయింగ్‌లోనూ కర్సర్ ఆగి ఆగి కదులుతుంటే లోపం సెట్టింగుల్లోనో, గ్రాఫిక్స్ డ్రైవర్‌లోనో, కంప్యూటర్ లోపలి వేడిలోనో ఉంది. ఈ రెండింటికీ వైద్యం వేరు.

మూడో అవకాశం కూడా ఉంది. పెన్‌డ్రైవ్‌లోనో, ఆఫీసు నెట్‌వర్క్‌లోనో ఉన్న ఫైలును అక్కడి నుంచే తెరిచి పని చేసేవాళ్లు చాలామంది. ఆ ఫైలును మీ సొంత డిస్కులోకి కాపీ చేసి తెరవండి. వేగం వచ్చిందంటే ఇక వెతకనక్కర్లేదు. పని డిస్కు మీద చేసుకుని, అయ్యాక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

పరీక్షకు కొలత కావాలి. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని రీజెన్ అని టైపు చేసి, తెర మళ్లీ పూర్తిగా గీసుకునేందుకు పట్టిన సమయం రాసుకోండి. ప్రతి మార్పు తర్వాత మళ్లీ కొలవండి. "కాస్త మెరుగైనట్టుంది" అనే మాట మీద ఆధారపడి ఏ సెట్టింగూ మార్చవద్దు. ఒకేసారి పది మార్చి, దేనివల్ల బాగుపడిందో తెలియకుండా చేసుకోవద్దు.

డ్రాయింగ్ లోపలికి వెళ్లే ముందు దాని కాపీ ఒకటి వేరే పేరుతో పక్కన పెట్టండి. కింద చెప్పేవన్నీ ఆ కాపీ మీదే చేయాలి. ఈ మాట దాటవేయవద్దు.

లోపల ఏముందో లెక్క చూడండి

చీమకుర్తి క్వారీ ఆఫీసులో పనిచేసే కుర్రాడు ఒకసారి ఫోను చేశాడు. "అక్కా, జూమ్ చేస్తే తెర తెల్లబడిపోతోంది. కాసేపటికి నాట్ రెస్పాండింగ్ అని వస్తోంది" అన్నాడు. అతని కంప్యూటర్ కొత్తది, మెమరీ కూడా బాగానే ఉంది.

"లేయర్లన్నీ (డ్రాయింగ్‌లోని పొరలు) థా చేసి, అంటే ఫ్రీజ్ తీసి, లాక్ కూడా తీసి, కంట్రోల్ ఏ నొక్కు. తర్వాత కంట్రోల్ 1 నొక్కితే ప్రాపర్టీస్ పట్టిక వస్తుంది. దాని పైన ఉన్న బాణం గుర్తు నొక్కి అందులో ఏమేమి ఉన్నాయో చదువు నాన్నా" అన్నాను.

"పాలీలైన్ (బిందువులను కలిపే ఒకే గీత) అని ఉంది, పక్కన నాలుగు వేలు దాటింది అక్కా. పాయింట్లు పదకొండు వేలు. హ్యాచ్ మూడు వందలకు పైనే. బ్లాక్ రిఫరెన్స్ కూడా పదకొండు వేలు."

సగం సమాధానం అక్కడే దొరికింది. సర్వే చేసిన ప్రతి పాయింటుకూ ఒక పాయింటు, దాని మీద నంబరు, ఎత్తు చూపే బ్లాక్ (ఒకే వస్తువుగా కట్టిన గుర్తు) ఒకటి. అంటే ప్రతి చుక్కా రెండుసార్లు ఉంది. ఈ పట్టిక చూడకుండా ఎవరూ ముందుకు వెళ్లవద్దు. ఏ వస్తువు ఎన్ని ఉన్నాయో తెలిస్తే ఎక్కడ చేయి పెట్టాలో తెలుస్తుంది.

అక్కడా స్పష్టత రాకపోతే సగం సగంగా వెతకండి. లేయర్లన్నీ ఫ్రీజ్ చేసి రీజెన్ కొలవండి. తర్వాత సగం లేయర్లు థా చేసి మళ్లీ కొలవండి. బరువు ఏ సగంలో ఉందో, ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. కాసేపట్లో దోషి లేయర్ దొరుకుతుంది. అన్నీ ఫ్రీజ్ చేసినా నెమ్మదిగానే ఉంటే బరువు కంటికి కనిపించే గీతల్లో లేదు, వాటి వెనుక పేరుకున్న సమాచారంలో ఉంది. దాన్ని ఎలా తీయాలో కింద చెప్తాను.

ఇక్కడే ఒక మాట. లేయర్‌ను ఆఫ్ చేయడం, ఫ్రీజ్ చేయడం ఒకటి కావు. ఆఫ్ చేసిన లేయర్ కనిపించదు కానీ రీజెన్ చేసినప్పుడు ఆటోక్యాడ్ దాన్ని కూడా లెక్కిస్తుంది. ఫ్రీజ్ చేస్తే లెక్క నుంచే తప్పిస్తుంది. పెద్ద డ్రాయింగ్‌లో పని చేసేటప్పుడు అవసరం లేని లేయర్లను ఫ్రీజే చేయండి. డబ్బు ఖర్చు లేకుండా వెంటనే వేగం తెచ్చే పని ఇంతకంటే మరొకటి లేదు.

పేరుకున్నదాన్ని ఊడ్చే క్రమం

ముందు ఆడిట్. కమాండ్ టైపు చేస్తే తప్పులు సరిచేయమంటారా అని అడుగుతుంది, ఎస్ అనండి. ఎఫ్2 నొక్కితే ఎన్ని తప్పులు దొరికాయో, ఎన్ని సరిచేసిందో చివరి వరుసల్లో కనిపిస్తుంది. సున్నా వచ్చేవరకు మళ్లీ చేయండి. ఫైలు అసలు తెరుచుకోకపోతే ఖాళీ డ్రాయింగ్ తెరిచి రికవర్ అనే కమాండ్‌తో ఆ ఫైలును ఎంచుకోండి.

తర్వాత పర్జ్. ఇది వాడని బ్లాకులు, లేయర్లు, టెక్స్ట్ స్టైళ్లు, లైన్‌టైపులను తీసేస్తుంది. దీనితో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. అసలు చెత్త చాలా భాగం తర్వాతి అడుగులో ఉంటుంది.

మైనస్ గుర్తు పెట్టి పర్జ్ అని టైపు చేయండి. ఈసారి కిటికీ తెరుచుకోదు, ప్రశ్నలు కమాండ్ వరుసలో వస్తాయి. ఆర్ అక్షరం కొట్టండి. ఇది రెగ్‌యాప్స్, అంటే డ్రాయింగ్‌ను ఎప్పుడైనా తాకిన రకరకాల ప్రోగ్రాములు తమ పేరు నమోదు చేసుకున్న జాబితా. పేర్లు అడిగితే నక్షత్రం గుర్తు, ఒక్కొక్కటి నిర్ధారించాలా అంటే నో. ఇక చూడండి, పేర్లు వరుసగా తెర మీద పరుగెత్తుతాయి. చేతులు మారుతూ మారుతూ వచ్చిన డ్రాయింగుల్లో ఇవి వేలల్లో ఉంటాయి. ఒక డ్రాయింగ్ నుంచి మరోదానిలోకి కాపీ చేసి పేస్ట్ చేసిన ప్రతిసారీ ఇవి కూడా వెంట వస్తాయి. ఒక్క ఉత్తర దిక్కు బాణం కోసం పాత ఫైలులోంచి కాపీ చేస్తే చాలు, పదేళ్ల చెత్త కొత్త ప్లాన్‌లోకి వచ్చేస్తుంది. అందుకే నేను బాణం, టైటిల్ బ్లాక్, స్కేలు బారు వంటివి విడిగా శుభ్రమైన ఫైళ్లుగా దాచుకుని, ఇన్సర్ట్ చేసుకుంటాను.

మైక్రోస్టేషన్‌లో గీసిన డీజీఎన్ ఫైలు నుంచి ఏదైనా తెచ్చుకున్నట్లయితే మైనస్ పర్జ్‌లోనే ఇంగ్లిష్ 'ఓ' (O) అక్షరం కూడా కొట్టండి. డీజీఎన్ లైన్‌టైపులు వదిలివెళ్లిన అనాథ సమాచారాన్ని అది తీసేస్తుంది. డ్రాయింగ్‌లో గీతలు కొన్నే ఉన్నా ఫైలు పదుల ఎంబీల బరువుంటే మొదట అనుమానించవలసింది దీన్నే.

స్కేలు జాబితా కూడా చూడండి. ప్రింట్ చేసేటప్పుడు స్కేలు ఎంచుకునే చోట ఎక్స్‌రెఫ్ ఎక్స్‌రెఫ్ ఎక్స్‌రెఫ్ అంటూ తోక పెరిగిన పేర్లు కనిపిస్తే, ఎక్స్‌రెఫ్‌ల (డ్రాయింగ్‌కు బయటి నుంచి తగిలించిన ఫైళ్ల) ద్వారా స్కేళ్లు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయని అర్థం. మైనస్ గుర్తుతో స్కేల్‌లిస్ట్‌ఎడిట్ అని కొట్టి, రీసెట్ ఎంచుకుని, ఎస్ అనండి. పాత డ్రాయింగుల్లో ఈ ఒక్క పనితోనే టెక్స్ట్ ఎంచుకునేటప్పుడు కలిగే ఆలస్యం పోవడం చూశాను.

ఇక ఓవర్‌కిల్. ఒకదాని మీద ఒకటి పడిన జంట గీతలను ఇది తొలగిస్తుంది. మంచి ఆయుధం. కానీ సరిహద్దులున్న ప్లాన్లలో దీన్ని కళ్లు తెరుచుకుని వాడాలి. దాని కిటికీలో ఏయే లక్షణాలను పట్టించుకోకూడదో ఎంచుకునే గడులుంటాయి. అక్కడ లేయర్ అనే గడికి టిక్ పెట్టవద్దు. చాలాచోట్ల లీజు సరిహద్దు, సర్వే నంబరు గట్టు ఒకే గీత మీద నడుస్తాయి. లేయర్ తేడా పట్టించుకోవద్దని చెబితే ఆ రెండిట్లో ఒకటి మాయమవుతుంది. కింద పాలీలైన్ ముక్కలను సర్దే గడి ఒకటుంటుంది, సరిహద్దుల విషయంలో దాన్నీ తీసేయండి. తిన్నని గీత మధ్యలో ఉన్న బిందువులు అనవసరమని అది తొలగిస్తుంది. మన దృష్టిలో అవి అనవసరం కావు, ఒక్కొక్కటీ ఒక సరిహద్దు స్తంభం. స్తంభం ఉన్నచోట బిందువు లేని ప్లాన్ ఆఫీసుకు వెళ్తే ఎంత తిప్పలో ఆ పని చేసేవాళ్లకు తెలుసు. నేనైతే సరిహద్దు లేయర్లను ముందు లాక్ చేసి, కాంటూర్లు, రోడ్లు, భవనాల మీదే ఓవర్‌కిల్ నడుపుతాను.

చివరగా డబ్ల్యూబ్లాక్. అందులో ఎంటైర్ డ్రాయింగ్ ఎంచుకుని కొత్త పేరుతో రాయించండి. వాడుకలో ఉన్నవి మాత్రమే కొత్త ఫైలులోకి వెళ్తాయి. రెండు ఫైళ్లనూ పక్కపక్కన తెరిచి లేఅవుట్లు (ప్రింట్ షీట్లు), టైటిల్ బ్లాక్, ఎక్స్‌రెఫ్‌లు సరిగ్గా ఉన్నాయో లేదో పోల్చి చూశాకే పాతదాన్ని పక్కన పెట్టండి.

గ్రామ పటం బరువు

క్వారీ ప్లాన్ కింద స్కాన్ చేసిన గ్రామ పటాన్ని పరిచి, దాని మీద సర్వే నంబర్లు గీస్తాం. ఆ స్కాన్ ఎంత బరువో ఎవరూ లెక్క వేయరు. ఒకసారి వేసి చూద్దాం. ఏ0 కాగితం 841 మిల్లీమీటర్ల వెడల్పు, 1189 మిల్లీమీటర్ల పొడవు. దాన్ని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) రంగుల్లో స్కాన్ చేస్తే దాదాపు 56 కోట్ల చుక్కలు. చుక్కకు 3 బైట్ల చొప్పున విప్పి పరిస్తే ఒకటిన్నర జీబీ దాటుతుంది. డిస్కు మీద ఫైలు చిన్నగా కనిపిస్తుంది, ఎందుకంటే అది కుదించి ఉంది. తెర మీదికి రావాలంటే విప్పాల్సిందే. అదే పటాన్ని 200 డీపీఐలో, రంగులు లేకుండా గ్రే స్కేలులో దాస్తే సుమారు 6 కోట్ల 20 లక్షల చుక్కలు, అన్నే బైట్లు. బరువు ఇరవయ్యేడో వంతు అవుతుంది. గట్లు గీసుకోవడానికి ఆ నాణ్యత చాలు.

కాబట్టి ఏదైనా ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో పటాన్ని ముందు తగ్గించి, మీకు కావలసిన సర్వే నంబర్ల మేరకు కత్తిరించి, ఆ తర్వాతే అటాచ్ చేయండి. ఆటోక్యాడ్ లోపల ఇమేజ్‌క్లిప్‌తో కత్తిరిస్తే కనిపించే భాగం తగ్గుతుంది కానీ ఫైలు మొత్తం అలాగే మోయాలి. గీయడం పూర్తయ్యాక పటాన్ని ఎక్స్‌రెఫ్ పట్టికలో అన్‌లోడ్ చేయండి. డిటాచ్ అక్కర్లేదు, అన్‌లోడ్ చేస్తే దాని స్థానం గుర్తుంటుంది, కావలసినప్పుడు రీలోడ్ చేసుకోవచ్చు.

అదే పట్టికలో నాట్ ఫౌండ్ అని ఉన్న వరుసలు చూడండి. ఎవరి కంప్యూటర్‌లోనో, ఎప్పుడో తీసేసిన సర్వర్‌లోనో ఉన్న ఫైలు కోసం ఆటోక్యాడ్ ప్రతిసారీ వెతుకుతుంది. డ్రాయింగ్ తెరుచుకోవడానికి ఎక్కువ సేపు పట్టడానికి ఇది తరచుగా కనిపించే కారణం. అవసరం లేనివి డిటాచ్ చేయండి, అవసరమైనవాటికి సరైన దారి చూపండి.

పీడీఎఫ్ ప్లాన్‌ను పీడీఎఫ్‌ఇంపోర్ట్‌తో గీతలుగా మార్చుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. చుక్కల గీత ఒక్కొక్క ముక్కా వేరే వస్తువుగా, హ్యాచ్‌లోని ప్రతి గీతా వేరుగా వచ్చే అవకాశం ఎక్కువ. అడుగున పరుచుకుని గీసుకోవడానికైతే పీడీఎఫ్ అటాచ్ చాలు.

కాంటూర్లు, హ్యాచింగ్

డ్రోన్ సర్వే వచ్చాక కాంటూర్లు అందంగా వస్తున్నాయి, బరువుగా కూడా వస్తున్నాయి. ఒక కాంటూర్‌ను ఎంచుకుని నీలిరంగు గ్రిప్పులు (బిందువుల దగ్గర కనిపించే గడులు) చూడండి. అవి విడివిడిగా కనిపించకుండా ఒక మందమైన నీలి తాడులా కలిసిపోయి ఉంటే బిందువులు మితిమీరి ఉన్నాయన్నమాట. 1:1000 స్కేలులో కాగితం మీద 0.1 మిల్లీమీటరు అంటే నేల మీద 10 సెంటీమీటర్లు. అంతకంటే సన్నటి వంపు ప్లాన్‌లో ఎవరి కంటికీ ఆనదు. సర్వే చేసినవాళ్లనే బిందువులు పలచబరిచి మళ్లీ పంపమని అడగండి, వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో అది చిటికెలో పని. వాళ్లు దొరకకపోతే క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సింప్లిఫై అనే పనిముట్టుతో మీరే చేసుకోవచ్చు. ఎత్తులు పోకుండా తిరిగి వచ్చాయో లేదో నాలుగైదు కాంటూర్ల మీద సరిచూసుకోండి. ఒక నియమం మాత్రం తప్పవద్దు: తవ్విన రాయి ఎన్ని ఘనపు మీటర్లో లెక్కించేది అసలు సర్వే నుంచే. పలచబరిచినది ప్లాన్ గీయడానికి మాత్రమే.

సర్వే పాయింట్లు, వాటి ఎత్తుల బ్లాకులు, కాంటూర్లు ఒక వేరే డ్రాయింగ్‌లో పెట్టి దాన్ని ఎక్స్‌రెఫ్‌గా తెచ్చుకోండి. లీజు సరిహద్దు, బెంచీలు, రోడ్డు, చెత్తరాయి గుట్ట మీ డ్రాయింగ్‌లో ఉండాలి. పని చేసేటప్పుడు ఆ ఎక్స్‌రెఫ్‌ను అన్‌లోడ్ చేసుకుంటే మీ ఫైలు తేలికపడుతుంది. ఫోను చేసిన కుర్రాడి ప్లాన్‌కు చేసిన ముఖ్యమైన మరమ్మతు ఇదే. దానితోపాటు, పాయింట్లున్న చోటే బ్లాకులు కూడా ఉన్నాయి కాబట్టి జంటగా ఉన్న పాయింట్లను ఫ్రీజ్ చేయించాను.

హ్యాచ్ విషయంలో చూడవలసింది స్కేలు. మిల్లీమీటర్లలో గీసిన ప్లాన్‌లో మీటర్ల కోసం చేసిన చిన్న స్కేలు పడితే నమూనా గీతలు లక్షల్లోకి పోతాయి. తెర మీద హ్యాచ్ నల్లటి ముద్దలా కనిపిస్తే అదే కారణం. నిండుగా ఒకే రంగు కావాలనుకుంటే సాలిడ్ పెట్టండి, దగ్గర దగ్గర గీతలతో నింపవద్దు. రొయ్యల చెరువుల లేఅవుట్లలో నీటి హ్యాచ్ ప్రతి చెరువుకూ పెడతారు. గట్టు కాస్త జరిపితే చాలు, అసోసియేటివ్ హ్యాచ్ మళ్లీ లెక్కించుకుంటుంది. గట్ల కొలతలు ఖరారయ్యేవరకు హ్యాచ్ పెట్టకుండా ఉండటం మేలు. ఇప్పటికే పెట్టి ఉంటే ఫిల్‌మోడ్ 0 చేసి రీజెన్ కొట్టండి, హ్యాచ్‌లన్నీ దాక్కుంటాయి. ప్రింట్‌కు ముందు దాన్ని 1 చేయడం మరవవద్దు. టెక్స్ట్ ఎక్కువైన చోట క్యూటెక్స్ట్ కూడా ఇలాగే పనిచేస్తుంది, అక్షరాలకు బదులు పెట్టెలు చూపిస్తుంది.

ఊళ్ల పేర్లు, రైతుల పేర్లు తెలుగులో రాస్తున్నామంటే ట్రూటైప్ ఫాంట్ తప్పదు. అది ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంటు (ఆటోక్యాడ్ సొంత గీతల ఫాంటు) కంటే బరువు. తెలుగు రాతలన్నీ ఒక లేయర్ మీద ఉంచి, గీస్తున్నంతసేపు ఫ్రీజ్ చేసుకోండి. అంకెలకు, కొలతలకు ఎస్‌హెచ్‌ఎక్స్ చాలు.

దూరంగా ఉన్న డ్రాయింగ్

ఇది మా జిల్లాల్లో సర్వే ప్లాన్లు గీసేవాళ్లందరికీ ఎదురయ్యే విషయం, కారణం తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. యూటీఎం అంటే భూమి మీది స్థానాలను మీటర్లలో చెప్పే పద్ధతి; ఒంగోలు, నెల్లూరు రెండూ దాని 44 ఉత్తర మండలంలో ఉన్నాయి. చీమకుర్తి దగ్గర ఈస్టింగ్ (తూర్పు దిశ కొలత) సుమారు 3,79,000 మీటర్లు, నార్తింగ్ (ఉత్తర దిశ కొలత) సుమారు 17,23,000 మీటర్లు వస్తుంది. నెల్లూరు పట్టణం దగ్గర నార్తింగ్ సుమారు 15,97,000. అంటే మన క్వారీ 0,0 బిందువు నుంచి పదిహేడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. ఆటోక్యాడ్ కొలతలను 15, 16 అంకెల కచ్చితత్వంతో దాస్తుంది కాబట్టి మీ లెక్కలు చెడవు. కానీ గ్రాఫిక్స్ కార్డులు బొమ్మ గీసేటప్పుడు మామూలుగా వాడే సంఖ్యలకు దాదాపు 7 అంకెల పట్టే ఉంటుంది. 17,23,000 మీటర్ల దూరంలో ఆ పట్టు అంటే 12 సెంటీమీటర్లకు పైగా తేడా. అందువల్లే వృత్తాలు గరుకుగా కనిపించడం, హ్యాచ్ నమూనా చెదిరిపోవడం, స్నాప్ పక్కకు లాగడం వంటివి వస్తాయి.

యూసీఎస్ (కొలతల మూలబిందువును మార్చుకునే ఏర్పాటు) మార్చినంత మాత్రాన ఇది పోదు, వస్తువులు అక్కడే ఉంటాయి కాబట్టి. నేను చేసేది ఇది. అసలు డ్రాయింగ్‌ను ముట్టుకోను. కాపీలో అన్నింటినీ మూవ్ కమాండ్‌తో గుండ్రని సంఖ్యల మేరకు జరుపుతాను. చీమకుర్తి ప్లాన్ అయితే ఈస్టింగ్‌లో 3,70,000, నార్తింగ్‌లో 17,20,000 తగ్గించండి. అప్పుడు డ్రాయింగ్ 9,000, 3,000 దగ్గరకు వస్తుంది. ఈ రెండు సంఖ్యలనూ డ్రాయింగ్‌లోనే ప్రింట్ కాని లేయర్ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి. పని పూర్తయ్యాక అదే మేరకు వెనక్కి జరిపి, రెండు సరిహద్దు స్తంభాల కొలతలను ఐడీ కమాండ్‌తో సర్వే పట్టికతో పోల్చండి. సమర్పించే డ్రాయింగ్ అసలు కొలతల్లోనే ఉండాలి. ఇందులో సందేహం వద్దు.

ఎక్కడో పొరపాటున పడిన ఒక్క బిందువు కూడా ఇలాంటి తిప్పలే తెస్తుంది. జూమ్ ఎక్స్‌టెంట్స్ కొట్టినప్పుడు మీ ప్లాన్ చిన్న చుక్కలా కనిపిస్తే దూరంగా ఏదో పడి ఉంది. వెతికి తీసేయండి.

ఖాళీ డ్రాయింగ్‌లోనూ నెమ్మదైతే

గ్రాఫిక్స్‌కాన్ఫిగ్ కమాండ్ కొట్టి హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను ఆపి చూడండి. ఆపితే వేగం పెరిగిందంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌లో లోపం ఉంది. కార్డు తయారుచేసిన సంస్థ సైటు నుంచి కొత్త డ్రైవర్ వేసుకుని, యాక్సిలరేషన్ మళ్లీ పెట్టండి. ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్పులుంటే విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో గ్రాఫిక్స్ అనే చోట ఆటోక్యాడ్‌కు హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి. ఛార్జర్ పెట్టి పని చేయండి, బ్యాటరీ మీద ల్యాప్‌టాప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

కమాండ్ వరుసలో ఈ పేర్లు టైపు చేసి విలువ 0 ఇవ్వండి: సెలెక్షన్‌ప్రివ్యూ, రోల్‌ఓవర్‌టిప్స్, వీటీఎనేబుల్, లేయర్‌ఈవల్‌సీటీఎల్. ఈ నాలుగూ కర్సర్ కదిలేటప్పుడు, జూమ్ చేసేటప్పుడు జరిగే అలంకారాలను, కొత్త లేయర్ల తనిఖీని ఆపుతాయి. మెమరీ తక్కువైతే లేఅవుట్‌రీజెన్‌సీటీఎల్ కూడా 0 చేయండి. లేఅవుట్ మారినప్పుడల్లా కాస్త ఆగాలి, కానీ అన్ని లేఅవుట్లనూ మెమరీలో మోయనక్కర్లేదు.

ప్రింట్ కిటికీ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంటే చాలావరకు ప్రింటర్ కారణం. విండోస్‌లో డిఫాల్ట్‌గా ఉన్నది ఆఫీసు నెట్‌వర్క్ ప్రింటర్ అయి, అది ఆపి ఉంటే ఆటోక్యాడ్ దాని జవాబు కోసం ఎదురుచూస్తుంది. పీడీఎఫ్ ప్రింటర్‌ను డిఫాల్ట్ చేయండి. అలాగే ఆప్షన్స్‌లో ఫైల్స్ ట్యాబ్ తెరిచి, సపోర్ట్ ఫైళ్ల దారుల్లో ఇప్పుడు లేని సర్వర్ పేర్లు ఉంటే తీసేయండి. క్వారీ దగ్గర నెట్ సరిగ్గా లేనప్పుడు ఆటోక్యాడ్ మొదలవడమే ఆలస్యమైతే స్టార్ట్‌మోడ్ 0 పెట్టండి, మొదటి పేజీ లేకుండా తెరుచుకుంటుంది.

టెంప్ ఫోల్డర్‌ను అప్పుడప్పుడు ఖాళీ చేయండి, ఆటోక్యాడ్ మూసేశాకే. అక్కడ ఎస్‌వీ డాలర్ అని ముగిసే ఫైళ్లుంటాయి. అవి ఆటోసేవ్ ప్రతులు. కరెంటు పోయి పని ఆగిన రోజు మిమ్మల్ని కాపాడేవి అవే కాబట్టి తేదీ చూడకుండా తీసేయవద్దు. వేగం కోసం ఆటోసేవ్‌ను ఆపేయమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు.

ఇంకొకటి. డ్రాయింగులున్న ఫోల్డర్‌లో మీరు పెట్టని ఏక్యాడ్‌డాక్ డాట్ లిస్ప్, ఏక్యాడ్ డాట్ ఫాస్, ఏక్యాడ్ డాట్ వీఎల్‌ఎక్స్ అనే ఫైళ్లు కనిపిస్తే జాగ్రత్త. డ్రాయింగ్ తెరవగానే ఇవి వాటంతట అవే నడుస్తాయి, ఫోల్డర్ నుంచి ఫోల్డర్‌కు పాకే వైరస్‌లు ఈ పేర్లతోనే వస్తాయి. ఎవరు పెట్టారో కనుక్కోండి, ఎవరూ చెప్పకపోతే తీసేసి యాంటీవైరస్ నడపండి. తెలియని చోటి ప్రోగ్రాములను ఎక్కించే ముందు హెచ్చరించే సెక్యూర్‌లోడ్ విలువ 0 ఉంటే 1 చేయండి.

ఇవన్నీ చేసినా మారకపోతే స్టార్ట్ మెనూలో ఆటోక్యాడ్ పేరు కింద రీసెట్ సెట్టింగ్స్ టు డిఫాల్ట్ అని ఉంటుంది. ముందు మీ సెట్టింగులను బ్యాకప్ చేయమని అడుగుతుంది, చేయించండి.

వేడి, దుమ్ము, కొనుగోలు

రోహిణి కార్తెలో ఒంగోలు గదుల్లో ఏసీ లేకుండా నడిచే కంప్యూటర్ మధ్యాహ్నానికి నెమ్మదించడం సహజం. ప్రాసెసర్ ఒక హద్దు దాటి వేడెక్కితే తన వేగం తానే తగ్గించుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి, రీజెన్ కొడుతూ స్పీడ్ అంకె చూడండి. పొద్దున కంటే మధ్యాహ్నం బాగా తగ్గితే కారణం అదే. చీమకుర్తి వైపు ఆఫీసుల్లో దీనికి గ్రానైట్ పొడి తోడవుతుంది. హీట్‌సింక్ రెక్కల మధ్య అది బూడిదరంగు పొరలా పట్టేస్తుంది, గాలి దాటదు. ప్లగ్ తీసేసి, ఫ్యాను రెక్కలను వేలితో కదలకుండా పట్టుకుని, బ్లోయర్‌తో ఊదండి. క్వారీకి దగ్గరగా ఉన్న ఆఫీసులైతే నెలనెలా చేయాల్సిందే.

ఇన్నీ చేశాక కూడా కొనాల్సి వస్తే ఈ వరుసలో కొనండి. ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే ముందు ఎస్‌ఎస్‌డీ. తర్వాత మెమరీ 16 జీబీకి పెంచండి. ప్రాసెసర్ మార్చడం ఆఖరున. అప్పుడు కూడా కోర్లు ఎన్ని అని కాకుండా ఒక్కో కోరు ఎంత వేగం అని అడగండి. రెండు కొలతల డ్రాయింగ్ పనిలో ఆటోక్యాడ్ ఎక్కువగా ఒకే కోరు మీద నడుస్తుంది. 8 త్రెడ్లున్న ప్రాసెసర్‌లో అది తలమునకలుగా పని చేస్తున్నప్పుడు కూడా టాస్క్ మేనేజర్ 12, 13 శాతమే చూపించడం మీరు గమనించే ఉంటారు. మిగతా కోర్లు ఖాళీగా ఉన్నాయి, ఇంకొన్ని కొంటే అవీ ఖాళీగానే ఉంటాయి.

దుకాణానికి వెళ్లేటప్పుడు శుభ్రం చేసిన మీ అతి బరువైన డ్రాయింగ్‌ను పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లండి. అక్కడి మెషీన్‌లో ఆటోక్యాడ్ ఉండదు కాబట్టి ఉచితంగా దొరికే డీడబ్ల్యూజీ ట్రూవ్యూ వేయించండి. ఫైలును డిస్కులోకి కాపీ చేయించి, తెరవడానికి, మొత్తం జూమ్ చేయడానికి ఎంత సేపు పడుతుందో కొలవండి. మీ పాత మెషీన్‌లోనూ అదే ట్రూవ్యూతో కొలిచి, రెండు అంకెలూ చూసుకున్న తర్వాత డబ్బు కట్టండి.